గడువు దాటిన పేరు

జూలైలో తైతా కొండల మీద సూర్యుడు మొహం చూపించడం తక్కువ. వురియా శిఖరం మీంచి దిగిన పొగమంచు క్యాబేజీ మళ్ల మీద, అరటి తోటల మీద, ఇళ్ల రేకు కప్పుల మీద మధ్యాహ్నం దాకా కదలకుండా పడి ఉంటుంది. అలాంటి ఒక పొద్దున వకేషో టీ కాచుకుని, భర్త లాప్‌టాప్ తెరిచి, రోజూ నొక్కే చోటే నొక్కింది. రోజూ వచ్చే పిట్ట బొమ్మ రాలేదు. తెల్లటి తెర మీద ఎవరివో నవ్వు మొహాలు వచ్చాయి. వాటి పైన, ఈ పేరుకి గడువు తీరిపోయింది, కావలసినవాళ్లు అడగవచ్చు అని రాసి ఉంది.

ఆమె మళ్లీ నొక్కింది. నెట్ సరిగా లేదేమోనని ఫోన్ తీసుకుని పెరటి గట్టు పైకెక్కి అక్కడ చూసింది. అక్కడా అవే నవ్వు మొహాలు. కిందికి వచ్చేసరికి టీ చల్లారిపోయింది.

ఆ వెబ్‌సైటు ఆమె భర్త మ్వాసరుది. బతికినన్నాళ్లూ అతను అడవిలో పిట్టలు చూపించే పని చేశాడు. చవియా అడవిలో మరెక్కడా కనిపించని పిట్టలు కొన్ని ఉన్నాయి. వాటిని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవాళ్లు. వాళ్లు ముందుగా రాసుకోవడానికి, ఇంట్లో ఉన్న రెండు గదుల్లో బస మాట్లాడుకోవడానికి అతను ఆ సైటు పెట్టుకున్నాడు. తన పేరూ, పిట్ట అనే మాటా కలిపి దానికి పేరు పెట్టాడు. ఉత్తరాలు వచ్చే చిరునామా కూడా ఆ పేరు మీదే. గుండె ఆగి అతను పోయి రెండేళ్లు కావస్తోంది. పిల్లలు లేరు.

సైటులో అతను పిట్టల కూతలు కూడా పెట్టాడు. ప్రతి కూతకీ ముందు గొంతు సవరించుకుని, చోటూ, వేళా చెప్పేవాడు. "చవియా. పొద్దున్న. మబ్బుగా ఉంది. నారింజ ముక్కు పిట్ట, మగది." అంతే, ఆ తరవాత అడవి. ఒక్క కూత మాత్రం ఇంటి పెరట్లో పట్టింది. అందులో పిట్ట కంటే ముందు గిన్నెల చప్పుడు వినిపిస్తుంది. "ష్... వకేషో, ఆ గిన్నెలు కాసేపు ఆపవే," అంటాడు మ్వాసరు. ఆమె రోజూ టీ తాగుతూ వినేది అదే. వినడానికి వేరే ఏమీ లేక కాదు. రేడియో ఉంది, చర్చి ఉంది, సంత ఉంది. పేరు పెట్టి పిలిచి, ఆమెతో 'ఆపవే' అని చనువుగా అనే మనిషి మాత్రం ఇంకెక్కడా లేడు.

ఆ కాగితమూ ఈ కాగితమూ సర్దుకోవడమంటే ఆమెకి చేతకాని పనేమీ కాదు. నిజానికి రెండు నెలల కిందట ఒక ఉత్తరం వచ్చింది. మీ పేరు గడువు తీరిపోతోంది, వెంటనే కట్టకపోతే పోతుంది అని ఎర్ర అక్షరాల్లో బెదిరించింది. ఆమె భయపడి, ఫోన్‌లోంచే డబ్బు కట్టేసి, మొదటిసారి మ్వాసరు పని ఒకటి తానే చేశానని ఆ రోజంతా గర్వపడింది. ఆ ఉత్తరం పక్కనే నల్ల అక్షరాల్లో నెమ్మదిగా రాసిన మరో ఉత్తరం ఉంది. కట్టేశాం కదా అని దాన్ని తెరవలేదు.

వుందాన్యి బజారులో మ్వాసరు తమ్ముడు మ్వదిమెకి ఇనప సామాన్ల కొట్టు ఉంది. వకేషో గొడుగు పట్టుకుని అక్కడికి దిగింది. అతను ఫోన్‌లో ఆ ఎర్ర ఉత్తరం చదివి తల పట్టుకున్నాడు.

"వదినా, వీడు ఎవడో తెలుసా నీకు?"

"పేరుకి డబ్బు కట్టించుకునేవాళ్లు."

"వీడు దారిన పోయేవాడు. అన్నయ్య పేరు ఎవరి దగ్గర తీసుకున్నాడో వాళ్లకి కట్టాలి. వీడికి కట్టడమంటే, మన ఇంటి పన్ను పక్క ఊరి పాదిరికి కట్టినట్టు!" అతను నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి కాస్త తగ్గాడు. "పోనీలే వదినా. పోతే పోయింది. ఇప్పుడు పిట్టల కోసం ఎవరొస్తున్నారు? వచ్చినవాళ్లకి నువ్వేం చూపిస్తావ్? పైగా అన్నయ్య ఉన్నట్టు ఆయన పేరు మీద నువ్వు జవాబులు రాయడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు."

అది నిజమే. 'ప్రియమైన మ్వాసరు' అంటూ ఉత్తరాలు వస్తే, ఆమె 'ఈసారి ఒంట్లో బాగాలేదు, వచ్చే ఏడు చూద్దాం' అని రాసి కింద అతని పేరే పెట్టేది. సైటులో ఫొటో కింద ఇప్పటికీ 'నేనే మిమ్మల్ని అడవికి తీసుకెళతాను' అనే ఉంటుంది.

"నంబరు చూసి పెట్టు చాలు," అంది ఆమె. "అసలు వాళ్ల నంబరు."

*

నైరోబీలో ఉన్న ఆ ఆఫీసులో ఫోన్ ఎత్తిన అమ్మాయి పేరు జెరోప్. గొంతు మెత్తగా, అలసటగా ఉంది. వకేషో పెరటి గట్టు మీద, ఒకప్పుడు పిట్టలు చూసేవాళ్ల కోసం మ్వాసరు వేసిన బల్ల మీద, లెసో గుడ్డ భుజాల చుట్టూ బిగించుకుని కూర్చుంది. ఇంట్లో ఫోన్ సరిగా పలకదు.

"మా ఆయన గొంతులన్నీ పోయాయా అమ్మా?" అని అడిగింది మొదట.

జెరోప్‌కి అర్థం కాలేదు. చెప్పించుకుని, "లేదు మ్యాడమ్," అంది. "ఇల్లు వేరు, గుమ్మం మీద పేరున్న పలక వేరు. ఇంట్లో సామాను ఇంట్లోనే ఉంది. పలకకి ఏటేటా కట్టాలి. కట్టలేదు కాబట్టి పలక తీసేశారు. అందుకే ఎవరికీ ఇల్లు దొరకట్లేదు."

"ఇంకెవరైనా ఆ పలక కొనుక్కుంటే?"

"నెలాఖరు దాకా మీకే హక్కు. ఆ తరవాత ఎవరైనా తీసుకోవచ్చు. ఇలాంటివాటి కోసం కాచుకుని కూర్చునేవాళ్లు ఉంటారు మ్యాడమ్. ఏళ్ల తరబడి జనానికి అలవాటైన పేరు కదా. తీసుకుని వాళ్లకిష్టమైంది పెడతారు. మీ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్లంతా వాళ్ల గుమ్మంలోకి పోతారు."

"అయితే ఇప్పుడే కడతాను. ఎలా కట్టాలో చెప్పు."

కట్టాలంటే మ్వాసరు ఖాతాలోకి వెళ్లాలి. రహస్యపదం తెలియదు. మార్చుకోవాలంటే కోడు వస్తుంది. కోడు ఉత్తరంగా పంపితే అది అతని చిరునామాకి వస్తుంది. ఆ చిరునామా ఉన్నదేమో గడువు తీరిన పేరు మీదే. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టయింది.

"ఇంకో దారి ఉంది," అంది జెరోప్. "ఖాతాలో రాసిన ఫోన్ నంబరుకి పంపవచ్చు. చివర ఎనిమిది నాలుగు. అది మీ దగ్గర ఉందా?"

వకేషో లెసోని ఇంకాస్త బిగించుకుంది.

"లేకపోతే మరణ ధ్రువపత్రం, కోర్టు నుంచి వారసత్వ కాగితం పంపండి. మీ పేరు మీదికి మారుస్తాం."

"కోర్టు కాగితం ఎన్నాళ్లకొస్తుందమ్మా?"

"నెలాఖరులోగా రాదు మ్యాడమ్," అంది జెరోప్, ఆ మాట తనకే కష్టంగా ఉన్నట్టు.

మ్వాసరు సిమ్ కార్డు కుట్టుపని డబ్బాలో, దారపు ఉండల మధ్య ఉంది. అతని నంబరు ఎవరూ వాడకూడదని ఆమె ఫోన్‌లోంచి తీసి దాచుకుంది. నెలల తరబడి వాడకపోతే కంపెనీ ఆ నంబరు వెనక్కి తీసుకుని ఇంకెవరికో అమ్ముతుందని ఆమెకి అప్పట్లో తెలియదు. ఇప్పుడు మాత్రం తెలుసు. బాగా తెలుసు.

అతను పోయిన కొత్తలో ఆమె ఆ నంబరుకి ఫోన్ చేస్తుండేది. 'మీరు కోరిన వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరు' అని గొంతు చెప్పేది. అందుబాటులో లేరు అన్న మాట ఆమెకి నచ్చేది, రేపు ఉండొచ్చు అన్నట్టు ఉండేది. ఒక రోజు ఆ గొంతు రాలేదు. నంబరు మోగింది. నాలుగైదుసార్లు మోగాక ఎవరో ఆడమనిషి "హలో" అంది. వకేషో పెట్టేసింది. అయినా మానలేదు. ఆ తరవాత కూడా అప్పుడప్పుడు, మరీ ఉండలేనప్పుడు చేసి, ఆ మనిషి ఎత్తేదాకా మోగుతుంటే విని, ఎత్తగానే పెట్టేసేది.

ఇప్పుడు ఆ మనిషితో మాట్లాడాలి.

*

"హలో, వేయించినవి అయిపోయాయి, ఎండువి ఉన్నాయి," అంది అవతలి గొంతు. వెనకాల లారీ హారన్లు, నూనె చిటపటలు.

"చేపల కోసం కాదమ్మా. నా పేరు వకేషో. మీరేమీ అనుకోకపోతే ఒక చిన్న సాయం. మీ ఫోనుకి ఇప్పుడొక కోడు వస్తుంది. అది కాస్త చదివి చెబుతారా?"

తన నోటి నుంచి ఆ మాటలు వెలువడ్డాకే అవి ఎలా ఉన్నాయో ఆమెకి వినిపించింది.

అవతల పెద్ద నవ్వు. "ఒసే అకిన్యీ, ఇటు రావే, దొంగ దొరికింది!" అని ఎవరినో పిలిచింది. మళ్లీ ఫోన్‌లోకి, "ఈ మోసపు ఫోన్లన్నీ జైళ్లలోంచే కదా, ఏ జైలు తల్లీ మీది? లోపల ఆడవాళ్లకి కూడా ఫోన్లిస్తున్నారా ఇప్పుడు?"

"జైలు కాదు, నేను వుందాన్యి నుంచి..."

"నిన్నటివాడూ ఏదో ఊరి నుంచే. నాకు మోటారు సైకిలు బహుమతి వచ్చిందట. నడపడం రాదు నాయనా, ఒక గంప చేపలు పంపించు అన్నాను. వాడికి కోపం వచ్చింది. నీకూ చేపలే చెప్పనా?"

"అమ్మా, వినండి..."

"నేను వినేది చాలు. ఈసారి గొంతు కాస్త వణకకుండా చూసుకో. దొంగతనానికి గొంతు ముఖ్యం." పెట్టేసింది.

వకేషో బల్ల మీద అలాగే కూర్చుంది. తనని మోసం చేసినవాడు కూడా ఇంత మర్యాదగానే రాశాడు. ఆ చేపల మనిషి తప్పేమీ చేయలేదు. తను కూడా ఆ రోజు అలా నవ్వి పెట్టేసి ఉంటే బాగుండేది.

సాయంత్రం కిమాంగా చేసుకుంది. చిక్కుడు గింజలూ కర్రపెండలమూ కలిపి మెదుపుతుంటే, ఇద్దరికి సరిపడా మెదుపుతున్నానని మధ్యలో గుర్తొచ్చింది. తింటూ లాప్‌టాప్ తెరవబోయి మానుకుంది. వినడానికి ఏమీ లేదు. గిన్నెలు కడిగేటప్పుడు కావాలనే చప్పుడు చేసింది. ఆపమనేవాళ్లు లేరు.

*

మర్నాడు పదిన్నర ప్రాంతంలో మ్వదిమె కొట్టులో కూర్చుంది. అక్కడ నెట్ బాగా వస్తుంది. లాప్‌టాప్ మేకుల డబ్బాల పక్కన పెట్టి, ఖాతా పేజీ తెరిచి ఉంచుకుంది. మ్వదిమె అల్మారా సర్దుతున్నట్టు దగ్గరలోనే తచ్చాడుతుంటే, ఆమె ఆ నంబరుకి మళ్లీ చేసింది.

"మళ్లీ నువ్వేనా!" అంది అవతలి గొంతు, ఆమె హలో అనగానే. "పట్టు వదలవే నువ్వు."

"ఈ నంబరు మా ఆయనదమ్మా."

"మీ ఆయన నా దగ్గర లేడు. ఆ మాటకొస్తే మా ఆయనే నా దగ్గర లేడు."

"ఆయన పోయాడు. ఆయన వాడిన నంబరు ఇది. పేరు మ్వాసరు."

ఆ మనిషి గొంతు తగ్గించింది. "ఏమన్నావ్?"

"మ్వాసరు."

"ఆ మ్వాసరు వల్ల నేను పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు! సిమ్ కొన్న మొదటి వారం నుంచీ ఒకటే ఫోన్లు. ఒక తెల్ల ముసలాయనైతే నెలకోసారి చేస్తాడు. నాకు ఆయన మాట అర్థం కాదు, ఆయనకి నా మాట అర్థం కాదు. పిట్ట పిట్ట అంటాడు. కోడి కావాలేమోనని ధర చెప్పాను ఒకసారి."

మ్వదిమె అల్మారా దగ్గర కదలకుండా నిలబడిపోయాడు. వకేషోకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏదీ బయటికి రానివ్వలేదు.

"అయితే మాత్రం?" అంది ఆ మనిషి మళ్లీ గొంతు పెంచి. "పేరు చెబితే నమ్మేయాలా? మీ దొంగలకి పేర్లు తెలుసుకోవడం ఎంతసేపు? మా చెల్లెలి పేరు, దాని పిల్లల పేర్లు కూడా చెప్పి డబ్బు లాగినవాడున్నాడు. ఇంకేదైనా చెప్పు. నేను నమ్మేది చెప్పు."

ఏం చెప్పాలి? అతని పొడవు చెప్పాలా, నడక చెప్పాలా? ఈ మనిషి అతన్ని చూడలేదు. తను చెప్పగలిగినదంతా ఈ మనిషి తెలుసుకోలేనిదే. వకేషో నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. ఫోన్‌లో ఆమె ఊపిరి ఒక్కటే వెళ్తోంది.

"ఆగు," అంది అవతలి మనిషి.

ఆమె ఆగింది.

"నూనె చేతులతో నంబరు చూడను కానీ, ఈ ఊపిరి నాకు తెలుసు. ఫోన్ చేసి, నేను ఎత్తగానే మాట్లాడకుండా పెట్టేసేదానివి నువ్వేనా?"

వకేషో కొట్టువైపు వీపు తిప్పుకుంది. "నేనే," అంది.

"ఓరి దేవుడా! నేను మా ఆయన మరిగిన ఆడదేమో అనుకున్నానే! ఎన్ని తిట్లు తిట్టానో తెలుసా? వినిపించాయా నీకు?"

"కొన్ని వినిపించాయి."

"ఎందుకు చేసేదానివి మరి? పోయిన మనిషి ఎత్తుతాడనుకున్నావా?"

"లేదు. ఎత్తకుండా మోగుతుంటే..." ఆమె వెనక మ్వదిమె ఉన్నాడని తెలిసి కూడా చెప్పింది. "ఎక్కడో ఆయన జేబులో మోగుతున్నట్టుండేది. అడవిలో ఉన్నప్పుడు ఆయన ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. పిట్ట ఎగిరిపోతుందని."

అవతల ఎవరో ఆమెను చేప అడుగుతున్నారు. 'ఉండరా, ఫోన్‌లో ఉన్నాను కనిపించట్లేదూ' అని కసిరింది.

"నా పేరు అజియాంబో," అంది చివరికి. "బుసియాలో, సరిహద్దు దగ్గర, లారీలు ఆగేచోట చేపలు వేయిస్తాను. ఆ కోడు దేనికి? సూటిగా చెప్పు."

వకేషో సూటిగా చెప్పింది. సైటు, గడువు, నెలాఖరు, లోపల ఉన్న గొంతు. అజియాంబోకి అందులో ఎంత అర్థమైందో కానీ, "పంపించు," అంది.

వకేషో నొక్కింది. వచ్చింది, చదువుతాను అని అజియాంబో మొదలుపెట్టిందో లేదో లైను తెగిపోయింది. తిరిగి చేస్తే కలవలేదు. మళ్లీ చేస్తే బిజీ. తెర మీద కోడు గడువు అంకెలు తగ్గుతూ తగ్గుతూ సున్నా అయ్యాయి. మళ్లీ పంపించమంటారా అని అడిగింది.

"మనసు మార్చుకుని ఉంటుంది వదినా," అన్నాడు మ్వదిమె నెమ్మదిగా. వెక్కిరింపు లేదు గొంతులో. "నేనైనా అంతే చేస్తాను."

ఆమె ఫోన్ బల్ల మీద మేకుల పక్కన పెట్టింది. ఒక ముసలాయన వచ్చి అంగుళం మేకులు అడిగాడు. మ్వదిమె తూకం వేస్తున్నాడు. అప్పుడు ఫోన్ మోగింది. దాని మీద వెలిగిన పేరు 'మ్వాసరు'.

ఆమె ఆ పేరు ఎప్పుడూ మార్చలేదు. రెండేళ్లుగా ఆ పేరు తన ఫోన్ మీద వెలగడం ఆమె చూడలేదు. మ్వదిమె చేతిలో మేకులు ఉన్నాయి, అతను చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. మేకులు రెండు మూడు కింద పడ్డాయి. మూడోసారి మోగేదాకా ఇద్దరిలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

"పాడు నెట్‌వర్కు!" అంది అజియాంబో. "లారీవాడు అడ్డంగా వచ్చి ఆగితే చాలు, మాట తెగుతుంది. రోడ్డు దాటి వచ్చాను, నూనె మాడుతోంది, త్వరగా పంపించు."

ఆమె పంపించింది. అజియాంబో ఒక్కో అంకె గట్టిగా, సంతలో ధర చెప్పినట్టు చదివింది. వకేషో ఒక్కో అంకె కొట్టింది. తలుపు తెరుచుకుంది.

"అయిందా?"

"అయింది."

"అయితే పోయి మా చేపలు చూసుకుంటాను," అని అజియాంబో పెట్టేసింది.

మ్వదిమె కింద పడిన మేకులు ఏరుకుంటూ, తల ఎత్తకుండానే, "డబ్బు నేను కడతాను," అన్నాడు.

"వద్దు. నేను కట్టాలి," అంది వకేషో.

*

కట్టాక జెరోప్‌కి ఫోన్ చేసింది. కోడు ఎలా దొరికిందో జెరోప్ అడిగి తెలుసుకుంది. "అలా చేయమని నేను చెప్పకూడదు మ్యాడమ్, చెప్పలేదు కూడా," అని మాత్రం అంది. తరవాత ఒక్కొక్కటీ చేయించింది. ఉత్తరాల చిరునామా ఈ పేరు మీద కాకుండా వేరేది పెట్టించింది. ఫోన్ నంబరు మార్పించింది. ఆమె చెప్పకుండా ఆ పేరు ఇంకెక్కడికీ పోకుండా తాళం వేయించింది. ఏటేటా గడువుకి ముందే డబ్బు దానంతటదే వెళ్లేట్టు పెట్టించింది. ఎర్ర అక్షరాల ఉత్తరం మళ్లీ వస్తే తెరవద్దంది, తనకి ఫోన్ చేయమంది.

"చివరిది," అంది జెరోప్. "యజమాని పేరు. అక్కడ పోయిన మనిషి పేరు ఉంటే రేపు ఇలాంటి చిక్కే మళ్లీ వస్తుంది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే పేరు రద్దు కూడా కావచ్చు. మీరు మీ పేరుతో అర్జీ పెట్టండి. కోర్టు కాగితం వచ్చాక పంపండి, అప్పుడు ఖాయం చేస్తాం."

అక్కడ 'ఎలిజా మ్వాసరు' అని ఉంది. అతనే కొట్టుకున్న అక్షరాలు. వకేషో చివరి అక్షరం దగ్గర గీత పెట్టి, చెరిపే మీట ఒక్కసారి నొక్కింది. ఒక అక్షరం పోయింది. ఆపుకుంది. నొక్కి పట్టుకుంటే అంతా ఒకేసారి పోతుందని తెలుసు. అలా చేయలేదు. ఒక్కో అక్షరం చెరిపింది. గడి ఖాళీ అయింది. జెరోప్ ఫోన్‌లో ఓపికగా ఎదురుచూస్తోంది.

"ఉన్నారా మ్యాడమ్?"

"ఉన్నాను," అంది. తన పేరు రాసింది.

సాయంత్రానికి సైటు తిరిగి వచ్చింది. పిట్ట బొమ్మ, ఫొటో, గొంతు, అన్నీ ఎక్కడివక్కడే. ఆమె ఒకసారి విని, ఇంకోసారి వినకుండా మూసేసింది.

*

వారం తిరగకుండా మ్వాసరు పేరుతో ఫోన్ మళ్లీ వెలిగింది. వకేషో మడిలో క్యాబేజీల పురుగులు ఏరుతోంది. మట్టి చేతులు లెసోకి తుడుచుకుంది.

"మీ తెల్ల ముసలాయన మళ్లీ చేశాడు," అంది అజియాంబో. "ఎప్పుడూ లేనిది, ఈసారి మన మాట నాలుగు ముక్కలు నేర్చుకుని మరీ చేశాడు. 'మ్వాసరు ఎక్కడ' అంటాడు. ఏం చెప్పమంటావ్?"

"రాంగ్ నంబరని చెప్పు."

"అది చెబుతూనే ఉన్నాను. ముసలాయన నమ్మడు. దిగులు పడుతున్నాడు."

పొగమంచు మడి అంచు దాకా వచ్చింది. వకేషోకి తన కాళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"పోయాడని చెప్పేయ్," అంది.

"నేనా? బాగుంది! ఆ మాట నా నోటి నుంచి ఎందుకు రావాలి? నీ మొగుడు. నువ్వు చెప్పు. నీ నంబరు ఇస్తాను." కాస్త ఆగి, "ఎలా పోయాడు?" అని అడిగింది.

రెండేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి అడగలేదు, సైటు చూసి రాసేవాళ్లకి ఎవరికీ తెలియదు కాబట్టి అడగలేదు. వకేషో మడి మధ్యలోనే నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు పొద్దున అతను బూట్లు వేసుకోవడం, లేసు కట్టుకోవడానికి వంగి, కాసేపు అలాగే ఉండిపోవడం. పిట్ట చప్పుడేదో వింటున్నాడనుకుని తను పిలవకపోవడం. అక్కడిదాకా చెప్పింది.

"అయ్యో, ఉండు ఉండు, లారీలు నాలుగు ఒకేసారి ఆగాయి, అందరికీ ఆకలే," అంది అజియాంబో. "మిగతాది తరవాత చెబుదువుగానీ. చేస్తానుండు."

ఆ రోజు చేయలేదు. మర్నాడూ చేయలేదు. చేపల మనిషికి తీరిక ఉండదు కదా అనుకుంది వకేషో, ఫోన్ మాత్రం రెండు రోజులూ లెసో కొంగున కట్టుకునే తిరిగింది.

మూడో రోజు పాత ఉత్తరాల్లో ఆ ముసలాయన చిరునామా వెతికి పట్టుకుని, ఉత్తరం రాయడానికి కూర్చుంది. నాలుగుసార్లు మొదలుపెట్టి చెరిపేసింది. చివరికి ఉన్నదున్నట్టు రాసింది. మ్వాసరు చనిపోయాడు. ఇన్నాళ్లూ జవాబులు రాసింది అతను కాదు, నేను. తప్పుగా అనుకోవద్దు. గదులు ఉన్నాయి, అడవి ఉంది, చూపించే మనిషి లేడు. కింద తన పేరు పెట్టి పంపించింది. సైటులో ఫొటో కింద ఉన్న వాక్యం తీసేసి, అక్కడ కూడా ఆ ముక్కలే పెట్టింది.

జవాబు చాలా రోజులు రాలేదు. కొత్తవాళ్ల నుంచి కూడా ఉత్తరాలు ఆగిపోయాయి. మ్వదిమె ఒకసారి వచ్చి, ఆమె వంటింటి రేకు కారుతుంటే బిగించి వెళ్లాడు. ఆగస్టు చివర నైరోబీ నుంచి ఒక జంట రాశారు. పిట్టలు తమకి కూడా తెలియవు, చలిలో రెండు రోజులు ఊరికే ఉందామని వస్తాం అన్నారు. వకేషో రెండు గదుల తలుపులూ తెరిచి, దుప్పట్లు తీసి పెరటి గట్టు మీది బల్ల మీద పరిచింది. ఎండ లేదు, గాలి ఉంది. వాటికి కొంత చెమ్మ వాసన వదిలిందో లేదో చూడటానికి మధ్యలో రెండుసార్లు గట్టు ఎక్కింది. మూడోసారి ఎక్కినప్పుడు అక్కడే, దుప్పట్ల పక్కన కాసేపు కూర్చుంది.